నర్సింగ్ లైసెన్సు పరీక్ష: ధైర్యవచనాల కన్నా నియమాలు చెప్పడం మేలు

సంపాదకులకు,

నమస్కారం. పరీక్షల భయాన్ని ఎలా అధిగమించాలన్న విషయంపై మీ విద్యా పేజీలో ఈ మధ్య వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రాణాయామం చేయమనీ, కంటినిండా నిద్రపొమ్మనీ, మంచే జరుగుతుందని నమ్మమనీ అందులో ఇచ్చిన సలహాలలో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయితే అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా లైసెన్సు పొందడానికి తప్పనిసరి అయిన ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్షకు సిద్ధమవుతున్న వారికి ఆ సలహాలు ఏ మూలకూ చాలవు. చాలాకాలం వార్డులలో పనిచేసి, ఇప్పుడు ఈ పరీక్షకు వెళ్లే చిన్నవారికి చదువులో చేదోడుగా ఉంటున్న నర్సును నేను. నాకు కనిపించినంతవరకు ఈ పరీక్షలో కలిగే భయంలో పెద్ద భాగం చదువు చాలక పుట్టేది కాదు, ఎదురుగా ఉన్న కంప్యూటర్ తనను ఏ పద్ధతిలో పరీక్షిస్తోందో తెలియకపోవడం వల్ల పుట్టేది. అలాంటి భయానికి ఓదార్పు పనిచేయదు, సమాచారం పనిచేస్తుంది.

మనం చిన్నప్పటి నుంచి రాసిన పరీక్షలన్నీ ఒక తీరువి. ప్రశ్నపత్రం అందరికీ ఒకటే, తెలిసినవి ముందు రాసుకుని తెలియనివి చివరికి వదిలేయవచ్చు, ఇన్ని మార్కులు దాటితే పాసు అని ముందే ఒక లెక్క ఉంటుంది. ఎన్‌క్లెక్స్‌లో ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఉండదు. అమెరికా రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల సమాఖ్య అయిన నేషనల్ కౌన్సిల్ ఆఫ్ స్టేట్ బోర్డ్స్ ఆఫ్ నర్సింగ్ ఈ పరీక్షను 1994 ఏప్రిల్‌లో కాగితం మీద నుంచి కంప్యూటర్ మీదకు మార్చింది. అప్పటి నుంచి ఇది అభ్యర్థిని బట్టి మారే పరీక్ష. ఒక ప్రశ్నకు సరైన జవాబు ఇస్తే తరువాతిది కాస్త కఠినంగా, తప్పు జవాబు ఇస్తే కాస్త సులువుగా వస్తుంది. తరాజులో ఒక పక్క సరుకు ఉంచి, రెండో పక్క రాళ్లు వేస్తూ తీస్తూ బరువు తేల్చినట్టు, కంప్యూటర్ ప్రతి జవాబు తరువాత అభ్యర్థి సామర్థ్యాన్ని కొత్తగా అంచనా వేసుకుంటూ, ఆ అంచనాకు దగ్గరగా ఉన్న ప్రశ్ననే తరువాత ఇస్తుంది.

దీనివల్ల కలిగే ఒక పరిణామాన్ని అభ్యర్థులకు ఎవరూ సరిగా వివరించరు. అభ్యర్థి సరైన జవాబు ఇచ్చే అవకాశం సుమారు సగానికి సగం ఉండే ప్రశ్నలనే కంప్యూటర్ వెతికి మరీ ఇస్తుంది. కాబట్టి బాగా చదివినవారికైనా, అంతంతమాత్రంగా చదివినవారికైనా లోపల కలిగే అనుభూతి దాదాపు ఒకటే. ప్రతి రెండో ప్రశ్న దగ్గరా ఇది తప్పుపోయినట్టే ఉందని అనిపిస్తుంది. కాలేజీలో ఎప్పుడూ ఎనభై, తొంభై శాతం మార్కులు తెచ్చుకున్న అమ్మాయి, ముప్పై ప్రశ్నలు దాటేసరికి సగం దాకా సందేహంగానే గుర్తించానని గమనించి, తాను ఫెయిలైపోయినట్టేనని అక్కడే తీర్మానించుకుంటుంది. ఆ తరువాతి ప్రశ్నలను ఆమె చదవదు, చూస్తుంది అంతే. నిజానికి ఆ కష్టం ఆమె వెనకబడుతున్నందుకు వచ్చినది కాదు, పరీక్ష తన పని తాను చేస్తున్నందుకు వచ్చినది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసిన అభ్యర్థి అదే ముప్పయ్యో ప్రశ్న దగ్గర ఎంత నిబ్బరంగా ఉండగలదో ఊహించండి. ప్రశ్నలు కఠినమవుతున్నాయా, తేలికవుతున్నాయా అని పసిగట్టడానికి ప్రయత్నించడం కూడా వృథా ప్రయాసే. మనకు తెలిసిన అంశం మీద వచ్చిన కఠినమైన ప్రశ్న సులువుగానూ, తెలియని అంశం మీద వచ్చిన సులువైన ప్రశ్న కఠినంగానూ అనిపించడం సహజం. పైగా పరీక్షలో మార్కులకు లెక్కలోకి రాని ప్రశ్నలు 15 ఉంటాయి. భవిష్యత్తు పరీక్షల కోసం ప్రయోగాత్మకంగా పెట్టే ఆ ప్రశ్నలు ఏవో అభ్యర్థికి చెప్పరు. తనను కుదిపేసిన ప్రశ్న అలాంటిదే అయి ఉండవచ్చు కూడా.

రెండో అపోహ ప్రశ్నల సంఖ్య గురించి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త తరహా ఎన్‌క్లెక్స్‌లో కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు వస్తాయి. మొత్తం సమయం విరామాలతో కలిపి ఐదు గంటలు. అభ్యర్థి సామర్థ్యం పాసు గీతకు, అంటే పాసవడానికి కావలసిన సామర్థ్య స్థాయికి, పైన ఉందనో కింద ఉందనో 95 శాతం నమ్మకంతో తేలిన క్షణాన కంప్యూటర్ పరీక్షను ఆపేస్తుంది. 85 దగ్గర ఆగితే పాసైనట్టు, 150 దాకా సాగితే ఫెయిలైనట్టు అన్న మాట అభ్యర్థులలో వేదవాక్కులా చలామణీ అవుతోంది. అది నిజం కాదు. గీతకు బాగా పైన ఉన్నా 85 దగ్గర ఆగవచ్చు, బాగా కింద ఉన్నా అక్కడే ఆగవచ్చు. గీతకు అటూఇటూగా ఉన్నవారికి తేల్చడానికి ఎక్కువ ప్రశ్నలు అవసరమవుతాయి, 150 దాకా వెళితే చివరి అంచనా గీతకు ఏ పక్కన ఉందన్నదే ఫలితం. అంటే 86వ ప్రశ్న తెర మీదకు వచ్చినప్పుడు దిగులు పడవలసిన పనిలేదు, అవకాశం ఇంకా చేతిలోనే ఉందని దాని అర్థం. 85 దగ్గర ఆగిపోతుందని మనసులో ముడి వేసుకుని కూర్చున్నవారు, అది ఆగకపోయేసరికి, మిగిలిన 65 ప్రశ్నలకు సరిపడా ఓపికను అక్కడే పోగొట్టుకుంటారు. సాధన చేసేటప్పుడే 150కి సిద్ధపడి కూర్చోవడం ఒక్కటే దీనికి విరుగుడు. ఐదు గంటలను 150కి పంచితే ప్రశ్నకు రెండు నిమిషాలు పడుతుంది కనుక, తొందరపడనక్కరలేదు గాని ఒకే ప్రశ్న పట్టుకుని ఆరేడు నిమిషాలు కూర్చోవడానికి మాత్రం వీల్లేదు. కనీస సంఖ్య పూర్తికాకుండానే సమయం అయిపోతే ఫలితం ఫెయిలే.

ఈ అంకెలను ఇంత వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. 75 నుంచి 265 ప్రశ్నలు, ఆరు గంటలు అన్నది పాత లెక్క. కొత్త విధానం వచ్చిన తరువాత కూడా కొన్ని కోచింగ్ కరపత్రాలలోనూ, ఒకరి నుంచి ఒకరికి చేరే సందేశాలలోనూ అదే తిరుగుతోంది. ఆరు గంటల పరీక్షకు సిద్ధపడి వెళ్లినవారికి ఐదు గంటలే ఉన్నాయని హాలులో తెలియడం ఎంత కంగారు కలిగిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక చదువు సంగతి. పుస్తకాన్ని పదేపదే తిరగేయడమే చదువని మనలో చాలామందికి పాతుకుపోయిన అభిప్రాయం. వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాలలో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థుల కన్నా, చదివాక పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవారికి వారం తరువాత ఎక్కువ గుర్తుందని తేలింది. మళ్లీ మళ్లీ చదివినవారికి మాత్రం తమకు బాగా వచ్చేసిందన్న నమ్మకం ఎక్కువగా ఉండింది. ఈ రెండో విషయమే నాకు ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే పరీక్ష హాలులో కుప్పకూలేది సరిగ్గా ఆ నమ్మకమే. ప్రశ్నల మీద సాధన చేసినవారికి తమకు రానిదేదో ఇంట్లోనే తెలిసిపోతుంది కనుక, అక్కడ దెబ్బతినడానికి అంత మిగలదు.

ప్రశ్నల సాధన అంటే రోజుకు రెండు వందలు గుర్తించి మార్కు చూసుకుని పుస్తకం మూసేయడమని మాత్రం కాదు. ఒక ఉదాహరణ చూపిస్తాను. డ్యూటీ అప్పగింత తీసుకున్న నర్సు ఈ నలుగురిలో ఎవరిని ముందు చూడాలి అన్నది ప్రశ్న అనుకుందాం. తుంటి ఎముక ఆపరేషన్ జరిగి రెండు రోజులై, ఇప్పుడు హఠాత్తుగా ఆయాసంతో ఛాతీలో పొడుస్తున్నట్టుందని చెబుతున్న రోగి ఒకరు. రక్తంలో చక్కెర 240 వచ్చిన మధుమేహ రోగి ఒకరు. పిత్తాశయం తీసేశాక నొప్పి పదికి ఏడు ఉందంటున్నావిడ ఒకరు. ఎప్పటి నుంచో సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధితో బాధపడుతూ ఆక్సిజన్ శాతం 90 చూపిస్తున్న పెద్దాయన ఒకరు. కంగారులో ఉన్న కన్ను ముందుగా అంకెల మీద పడుతుంది. 90 అన్న అంకె చూడగానే శ్వాస సమస్య కదా, శ్వాసే ముందు కదా అని చేయి అటు పోతుంది. నెమ్మదిగా చదివినవారు ఆ వ్యాధిలో 90 అనేది ఆయనకు మామూలుగా ఉండే స్థాయేనని గుర్తిస్తారు. 240 చికిత్స చేయవలసిందే గాని ఈ నిమిషానికి ప్రాణం తీసేది కాదు. ఆపరేషన్ తరువాతి నొప్పి బాధాకరమే, కానీ ఊహించినదే. తుంటి ఆపరేషన్ తరువాత కొత్తగా, అకస్మాత్తుగా వచ్చిన ఆయాసం మాత్రం కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చన్న హెచ్చరిక. ఊహించిన మార్పా ఊహించనిదా, పాతదా కొత్తదా, నిలకడగా ఉన్నారా క్షీణిస్తున్నారా అన్న ప్రశ్నలు వేసుకుంటే జవాబు తానే బయటపడుతుంది. దీని తరువాత నర్సు చేయవలసిన మొదటి పని అడిగితే, డాక్టరుకు ఫోను చేయడం అన్న జవాబు కంటికి ఇంపుగా ఉంటుంది గాని, తలవైపు మంచం ఎత్తి ఆక్సిజన్ అందించడం తన చేతిలో ఉన్న పని కాబట్టి అదే ముందు.

తప్పు చేసిన ప్రశ్నకైనా ఒప్పు చేసిన ప్రశ్నకైనా ఇలా నాలుగు జవాబుల కారణాలూ విడివిడిగా చదివినవారికి ఒక ప్రశ్న నాలుగు పాఠాలవుతుంది. అలా రోజుకు యాభై చేసినా చాలు. వెంట ఒక నోటుపుస్తకం పెట్టుకుని, పోయిన ప్రశ్న ఎందుకు పోయిందో ఒక్క వాక్యంలో రాసుకోమని నేను పట్టుబడతాను. విషయం తెలియకపోవడం, ప్రశ్నను సరిగా చదవకపోవడం, సరైన జవాబును భయంతో మార్చేయడం వేరువేరు జబ్బులు. మొదటిదానికి పాఠం చదవాలి, రెండోదానికి వేగం తగ్గించాలి. మూడోదానికి, ప్రశ్నలో కొత్త ఆధారం కనిపిస్తే తప్ప జవాబు మార్చకూడదన్న కట్టుబాటు కావాలి. మూడింటికీ ఒకే మందుగా మరో మందపాటి పుస్తకం కొనుక్కునేవారే ఎక్కువ.

అంకెలను బట్టీ పట్టడం కన్నా సంబంధాలు పట్టుకోవడం ఎంత మేలో మందుల విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 వరకు ఉండాలని అందరికీ వచ్చు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్ పొటాషియంను మూత్రంలో బయటికి పంపేస్తుందనీ, పొటాషియం తగ్గితే గుండె మందు అయిన డిజాక్సిన్ త్వరగా విషంగా మారుతుందనీ, అందువల్ల ఈ రెండు మందులూ వాడుతూ వికారంగా ఉందనీ దీపాల చుట్టూ పసుపు వలయాలు కనిపిస్తున్నాయనీ చెప్పే రోగికి డిజాక్సిన్ మోతాదు ఆపి గుండె వేగం చూసి డాక్టరుకు తెలపాలనీ గొలుసుగా తెలిసినవారికి ఎన్ని మెలికలు తిప్పి అడిగినా కంగారు ఉండదు. 2023 నాటి పరీక్ష ప్రణాళికలో మందులకు 13 నుంచి 19 శాతం, సంరక్షణ నిర్వహణకు, అంటే ఎవరిని ముందు చూడాలి, ఏ పని ఎవరికి అప్పగించాలి వంటి అంశాలకు, 15 నుంచి 21 శాతం ప్రశ్నలు కేటాయించారు. రెండోదే అన్నిటికన్నా పెద్ద వాటా. అయినా మనవాళ్లు చివరి వారానికి వాయిదా వేసేది దానినే.

సంరక్షణ నిర్వహణలో అనుభవం ఉన్న నర్సులే ఎక్కువ తప్పులు చేయడం చూస్తుంటాను. ఏ పని సహాయకులకు అప్పగించవచ్చు, ఏది రిజిస్టర్డ్ నర్సు కన్నా కింది స్థాయి లైసెన్సు ఉన్న ప్రాక్టికల్ నర్సుకు, ఏది రిజిస్టర్డ్ నర్సే చేయాలి అన్న ప్రశ్న రాగానే తమ వార్డులో ఏం చేసేవారో గుర్తుచేసుకుంటారు. చేతులు చాలని వార్డులో ఎవరు దొరికితే వారే అన్నీ చేయడం లోకంలో ఉన్నదే. పరీక్షలోని ఆసుపత్రిలో మాత్రం సిబ్బందికి కొరత లేదు, సామగ్రికి లోటు లేదు, నియమానికి మినహాయింపు లేదు. రోగి స్థితిని తొలిసారి అంచనా వేయడం, రోగికి కొత్త విషయం బోధించడం, చికిత్స ఫలించిందో లేదో తీర్పు చెప్పడం రిజిస్టర్డ్ నర్సు వేరొకరికి అప్పగించరాని పనులు. నిలకడగా ఉన్న రోగికి స్నానం చేయించడం, నడిపించడం, బరువు చూడడం సహాయకులకు అప్పగించవచ్చు. అనుభవాన్ని హాలు బయట వదిలి రమ్మని నేను చెప్పను, అది రోగిని కళ్ల ముందు నిలిపి చూపిస్తుంది. జవాబు మాత్రం ఆ అనుభవం నుంచి కాదు, నియమం నుంచి రావాలి.

కొత్త తరహా పరీక్షలో భయపెట్టేవి రెండు ఉన్నాయి. ఒకటి రోగి కథనాలు. ఒకే రోగి వివరాల మీద వరసగా ఆరు ప్రశ్నలు వస్తాయి, అలాంటి కథనాలు పరీక్షలో మూడు ఉంటాయి. ఆనవాళ్లు గుర్తించడం, వాటిని విశ్లేషించడం, ఏది ముఖ్యమో తేల్చుకోవడం, పరిష్కారాలు ఆలోచించడం, చర్య తీసుకోవడం, ఫలితం చూసుకోవడం అన్న ఆరు మెట్ల మీద ఆ ఆరు ప్రశ్నలూ నడుస్తాయి. మంచి నర్సు ప్రతి రోగి దగ్గరా చేసేది ఇదే కనుక నన్నడిగితే ఇవే న్యాయమైన ప్రశ్నలు. రెండోది, వర్తించేవన్నీ ఎంచుకోమనే ప్రశ్న. ఒకప్పుడు ఇందులో ఒక్క ఎంపిక తప్పినా మొత్తం పోయేది, 2023 నుంచి పాక్షిక మార్కులు ఇస్తున్నారు. ఇది విని, అయితే అన్నీ గుర్తించేస్తే సరి అనుకునేవారున్నారు. సరైన ప్రతి ఎంపికకు ఒకటి కలుపుతారు, తప్పు ప్రతి ఎంపికకు ఒకటి తీసేస్తారు, మొత్తం సున్నా కన్నా కిందికి పోదు. ఐదింటిలో మూడు సరైనవి అనుకుంటే, నిశ్చయంగా తెలిసిన రెండింటినే గుర్తించినవారికి రెండు వస్తాయి, ఐదూ గుర్తించినవారికి మూడు లోంచి రెండు పోయి ఒకటే మిగులుతుంది. ప్రతి ఎంపికనూ విడిగా తీసుకుని అవునా కాదా అని తేల్చుకోవడం తప్ప ఇందులో కిటుకులేవీ లేవు.

కిటుకుల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పరీక్ష రాసి వచ్చినవారు గుర్తుపెట్టుకున్న ప్రశ్నలంటూ రీకాల్స్ పేరుతో డబ్బు తీసుకుని అమ్మే వ్యాపారం ఒకటి నడుస్తోంది. ప్రశ్నలను బయటపెట్టబోమని ప్రతి అభ్యర్థీ పరీక్షకు ముందు అంగీకారం తెలుపుతారు. దానిని ఉల్లంఘిస్తే ఫలితం రద్దు కావడమే కాదు, లైసెన్సుకే ఎసరు రావచ్చు. నీతి సంగతి అలా ఉంచినా, ఎవరి ప్రశ్నలు వారికే వచ్చే పరీక్షలో ఒకరికి వచ్చిన ప్రశ్నలు బట్టీ పట్టి మరొకరు గట్టెక్కాలనుకోవడం ఎలాంటి లెక్కో నాకు అర్థం కాదు. అలా సిద్ధమైనవారు తమకు తెలిసిన ప్రశ్న ఒక్కటీ రాకపోయేసరికి మరింత బెదిరిపోతారు.

పరీక్ష రోజు గురించి ముందే తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ పరీక్ష జరిపే పియర్సన్ వ్యూ సంస్థ కేంద్రంలో గుర్తింపు పత్రం మీది పేరు, పరీక్షకు అనుమతిస్తూ పంపిన పత్రం మీది పేరు అక్షరం తేడా లేకుండా ఒకటిగా ఉండాలి. ఇంటిపేరు ముందుకో వెనక్కో మారే మనవాళ్లకు ఇది చిన్న విషయం కాదు, ఆ సరిచూపు దరఖాస్తు నాడే జరగాలి. కేంద్రంలో ఫొటో తీస్తారు, సంతకం తీసుకుంటారు, అరచేతి నరాలను స్కాన్ చేస్తారు, ఫోనూ గడియారమూ బయట పెట్టిస్తారు. రాసి తుడుచుకునే పలక ఒకటి ఇస్తారు, లెక్కలకు కాల్‌క్యులేటర్ తెర మీదే ఉంటుంది. పక్క సీట్ల వారి కీబోర్డు చప్పుడు ఇబ్బంది పెడితే చెవులకు ఇయర్‌ప్లగ్స్ అడగవచ్చు. రెండు గంటలు గడిచాక ఒకసారి, మూడున్నర గంటలు గడిచాక మరోసారి విరామం తీసుకుంటారా అని కంప్యూటరే అడుగుతుంది. గడియారం ఆగదన్న భయంతో చాలామంది వద్దంటారు. నా అభిప్రాయంలో మొదటి విరామం తప్పక తీసుకోవాలి. ఐదు నిమిషాలు లేచి నడిచి, ముఖం కడుక్కుని, నీళ్లు తాగి వచ్చిన మనిషి ఆ ఐదు నిమిషాలను తరువాతి పది ప్రశ్నలలోనే రాబట్టుకుంటుంది.

ఇంత చేసినా గుండె దడ రాదని కాదు. అరచేతులు చెమటపట్టి, ఒకే వాక్యాన్ని మూడుసార్లు చదివినా తలకెక్కని ఘడియ దాదాపు అందరికీ వస్తుంది. అప్పుడు తెర మీద నుంచి కళ్లు తిప్పి, తీసుకున్న ఊపిరి కన్నా వదిలే ఊపిరి పొడవుగా ఉండేటట్టు నాలుగైదుసార్లు ఊపిరి తీసి వదలాలి. అరికాళ్లు నేలకు ఆనించి భుజాలు వదులు చేయాలి. ఆ తరువాత ప్రశ్నలో చివరి వాక్యాన్ని ముందు చదివి, అడుగుతున్నదేమిటో పలక మీద రెండు మాటల్లో రాసుకుని, అప్పుడు రోగి వివరాల్లోకి వెళ్లాలి. వెనకటి ప్రశ్నకు తిరిగి వెళ్లే వీలు ఈ పరీక్షలో లేదు. మొదట ఇది క్రూరంగా అనిపిస్తుంది గాని, గుర్తించేసిన జవాబు గురించి మథనపడడానికి కారణమే లేకుండా చేయడం వల్ల ఇది మనకు మేలే చేస్తుంది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రమిరెజ్, బైలాక్ 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షకు ముందు పది నిమిషాల పాటు తమ భయాలను కాగితం మీద రాసుకున్న విద్యార్థులు, ముఖ్యంగా పరీక్షలంటే బెదిరే స్వభావం ఉన్నవారు, మెరుగ్గా రాశారని తేలింది. ధైర్యంగా ఉండు అని పదిసార్లు చెప్పడం కన్నా, నీకు దేనికి భయమో రాసుకో అని ఒకసారి చెప్పడం ఎక్కువ ఉపకారం. అయితే ఈ ఊపిరి సాధనైనా, రాసుకోవడమైనా ఇంట్లో నమూనా పరీక్షలు రాసేటప్పుడు అలవాటు చేసుకోవాలి. పరీక్ష హాలులో మొదటిసారి ప్రయత్నించే ఏ చిట్కా కూడా పనిచేయగా నేను చూడలేదు.

రాసి వచ్చాక పడే యాతన మరొకటి. అధికారిక ఫలితం ఆయా రాష్ట్రాల నర్సింగ్ బోర్డు నుంచే రావాలి. అనధికార ఫలితాన్ని రెండు పనిదినాల తరువాత కొద్దిపాటి రుసుముతో చూపే సదుపాయం చాలా బోర్డులలో ఉంది. అంతవరకు కూడా ఆగలేక, మళ్లీ పరీక్షకు నమోదు చేసుకోవడానికి ప్రయత్నించి, ఆ నమోదు వ్యవస్థ డబ్బు తీసుకోకపోతే పాసైనట్టు అని జాతకం చూసుకునేవారు చాలామంది. దానిని నమ్మవద్దని పరీక్ష నిర్వాహకులే చెబుతున్నారు. ఇంట్లోవారు కూడా, ఎన్ని ప్రశ్నలు వచ్చాయి, ఎంతకు ఆగింది అని గుచ్చి గుచ్చి అడగడం మానాలి. ఆ అంకెలో సమాధానం లేదని పైన చెప్పాను.

తప్పినవారికి బోర్డు నుంచి ఒక నివేదిక వస్తుంది. ఏయే విభాగాలలో పాసు స్థాయికి పైన ఉన్నారో, దగ్గరలో ఉన్నారో, కింద ఉన్నారో అందులో ఉంటుంది. 45 రోజుల తరువాత మళ్లీ రాయవచ్చు, ఏడాదికి ఎనిమిదిసార్ల వరకు వీలుంటుంది, కొన్ని రాష్ట్రాలు మాత్రం తమ పరిమితులు తాము పెట్టుకున్నాయి. ఆ నివేదికను సిగ్గుతో బీరువాలో దాచేసి, మళ్లీ మొదటి పేజీ నుంచి అన్నీ చదవడం మొదలుపెట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. కింద ఉన్న విభాగాలకు సగం రోజులు, దగ్గరలో ఉన్నవాటికి మిగిలిన సగంలో పెద్ద భాగం కేటాయించుకుంటే 45 రోజులు తక్కువేమీ కాదు.

చివరగా మీ పత్రికకు నా విన్నపం. ఈ పరీక్ష గురించి రాసినప్పుడల్లా ప్రశ్నల సంఖ్య, సమయం, మార్కుల విధానం ఏ సంవత్సరం నుంచి అమలులో ఉన్నాయో పక్కనే అచ్చు వేయండి. పరీక్ష ప్రణాళికను నిర్వాహకులు మూడేళ్లకోసారి సవరిస్తుంటారు కనుక, ఆ సవరణ వచ్చినప్పుడు పాత నియమం, కొత్త నియమం పక్కపక్కన పెట్టి ఒక చిన్న పట్టిక ఇవ్వండి. నూటికి నూరు శాతం పాస్ గ్యారంటీ అంటూ మీకు వచ్చే కోచింగ్ ప్రకటనలను తిరస్కరించడం మీకు సాధ్యమో కాదో నాకు తెలియదు. కనీసం విద్యా పేజీలో, ఆ ప్రకటనల పక్కన కాకుండా వాటికి దూరంగా, పైన చెప్పిన నియమాలకు కాస్త చోటు కేటాయించగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు, ఒక సీనియర్ నర్సు